చిప్పు మార్చి పదకొండేళ్లు: నా పాత ప్లేస్టేషన్‌లో ఏది నిలిచింది, ఏది పోయింది

మా ఇంట్లో ఉన్నది సోనీ మొదటి ప్లేస్టేషన్, మోడల్ ఎస్‌సీపీహెచ్-5502, అంటే యూరప్ కోసం చేసిన పాల్ రకం (పాల్ అంటే యూరప్‌లో వాడిన టీవీ రంగు పద్ధతి). 1999లో నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న సికింద్రాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికే అందులో చిప్పు, అంటే కాపీ సీడీలు కూడా నడిచేలా చేసే చిన్న ఐసీ, వేసి ఉంది. 2014 వేసవిలో దాన్ని అటక మీంచి దించి నేనే విప్పాను. పాత చిప్పు పీకేసి కొత్తది పెట్టాను, ఆ తర్వాత వీడియో క్లాక్ (బొమ్మ గీసే చిప్‌కి వేగం ఇచ్చే సిగ్నల్ పుట్టించే భాగం), లేజర్, పవర్ సప్లై కెపాసిటర్లు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాను. అప్పట్నుంచి వారానికి రెండు మూడు సాయంత్రాలైనా ఆడుతూనే ఉన్నాం, మొదట్లో నేనూ తమ్ముడూ, ఇప్పుడు నేనూ మా పాపా. ఇన్నేళ్లు వాడాక ఏ మార్పు నిజంగా పనికొచ్చిందో, ఏది అనవసరమో నాకు బాగా తెలిసింది, పాత మిషన్ ఇంట్లో ఉండి విప్పుదామా వద్దా అనుకుంటున్నవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. చిన్నప్పుడు మిషన్ ఆన్ చేయగానే తెల్ల తెర మీద సోనీ లోగో చక్కగా రంగుల్లో వచ్చేది, ఆట మొదలవగానే రంగులు పోయేవి. టెక్కెన్ 3 మొత్తం మేం బ్లాక్ అండ్ వైట్‌లోనే ఆడాం, ఎవరి బట్టలు ఏ రంగో కూడా తెలీదు. టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉండేది, ఆటో, పాల్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ పద్ధతి) అన్నీ మార్చి చూశాం, లాభం లేదు. కేబుల్ పోయిందని ఒకరన్నారు, సీడీ కాపీ సరిగ్గా లేదని ఇంకొకరన్నారు. టీవీ మెకానిక్ వచ్చి చూసి, "టీవీ బాగానే ఉంది బాబూ, లోగో రంగులో వస్తోంది కదా, తేడా ఆ డబ్బాలోనే ఉంది" అని చెప్పి వెళ్లాడు. ఆయన సరిగ్గానే చెప్పాడని నాకు అర్థం కావడానికి పదిహేనేళ్లు పట్టింది.

సంగతేంటంటే, పాల్ మిషన్‌లో బొమ్మ గీసే చిప్‌కి 53.203425 మెగాహెర్ట్జ్ క్లాక్ వెళ్తుంది. దాన్ని 12తో భాగిస్తే పాల్ టీవీ రంగుకి కావాల్సిన 4.43 మెగాహెర్ట్జ్ కచ్చితంగా వస్తుంది, అందుకే లోగో బాగుంటుంది. అమెరికా, జపాన్ సీడీ పెడితే ఆట ఆ చిప్‌ని 60 హెర్ట్జ్‌లోకి, అంటే సెకనుకి 60 సార్లు తెర గీసే పద్ధతిలోకి మారుస్తుంది, అప్పుడు అదే క్లాక్‌ని 15తో భాగించాలి. రావాల్సింది 3.579545, వచ్చేది 3.547 దగ్గర. ఆ కాస్త తేడాకే టీవీ ఇది రంగు సిగ్నల్ అని గుర్తుపట్టదు. అమెరికా మిషన్‌లో అదే చోట 53.693175 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. అప్పట్లో మన దగ్గర దొరికిన కాపీ సీడీల్లో చాలా వరకు అమెరికా ఆటలే, మిషన్ ఏమో పాల్, చిప్పు ఉంది కాబట్టి ఆట నడిచేది, రంగు మాత్రం రాదు. మాలాగే బ్లాక్ అండ్ వైట్‌లో ఆడిన ఇళ్లు చాలానే ఉంటాయని నా నమ్మకం.

ఇక చిప్పు. ప్లేస్టేషన్ అసలు సీడీల్లో, లోపలి అంచు దగ్గర డేటా మొదలయ్యే ముందు భాగంలో, ట్రాక్‌ని కొద్దిగా అటూ ఇటూ ఊగేలా చేసి అందులో నాలుగు అక్షరాలు దాచారు. జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. ఇంట్లో సీడీ రైటర్ డేటా రాయగలదు కానీ ట్రాక్‌ని అలా ఊపలేదు, అందుకే కాపీ సీడీ పెడితే మిషన్ ఒప్పుకోదు. చిప్పు చేసేదల్లా ఆ అక్షరాలని బిట్‌కి 4 మిల్లీసెకండ్ల చొప్పున, సీడీ డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్‌కి తనే పంపడం. ఎనిమిది కాళ్ల చిన్న పిక్ మైక్రోకంట్రోలర్‌కి (మనం రాసిన ప్రోగ్రామ్ ఎక్కించుకునే ఐసీ) అదేమంత పెద్ద పని కాదు. మా మిషన్‌లో షాపువాళ్లు వేసింది మొదటి తరం చిప్పు, మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ అక్షరాలని పంపుతూనే ఉండేది. తర్వాత వచ్చిన కొన్ని ఆటలు దీన్ని పట్టేశాయి: ట్రాక్ ఊగని చోటికి లేజర్‌ని పంపి చూస్తాయి, అక్కడ కూడా అక్షరాలు వస్తున్నాయంటే లోపల చిప్పు ఉన్నట్టే. 2000లో వచ్చిన స్పైరో మూడో ఆట మా ఇంట్లో ఎప్పుడూ ఆగిపోవడానికి కారణం ఇదే. సీడీ బాగాలేదని దాన్ని రెండుసార్లు మార్పించాడు మా తమ్ముడు, పాపం.

విప్పి చూస్తే లోపల పరిస్థితి చూసి బాధేసింది. చిప్పుని హాట్ గ్లూతో బోర్డుకి అంటించారు, వైర్లు జానెడు పొడవు, ఒక చోట ఐసీ కాలి పక్కన రాగి గీత లేచిపోయి ఉంది. హెయిర్ డ్రయ్యర్‌తో గ్లూ మెత్తబరిచి, నెమ్మదిగా వైర్లు తీసి, లేచిపోయిన గీత పక్కన బ్లేడుతో పైపూత గీకి, ఎనామిల్ తీగ ముక్కతో అతుకు వేయడానికే ఒక ఆదివారం పోయింది. కొత్త చిప్పుకి కోఠి గుజరాతీ గల్లీలో 12ఎఫ్629 పిక్ కొన్నాను. దొంగచాటుగా పనిచేసే రకం ప్రోగ్రామ్‌ని దానిలోకి ఎక్కించాను, అంటే మిషన్ ఆన్ చేశాక కాసేపు అక్షరాలు పంపి ఆగిపోతుంది, రెండు మూడు సీడీల ఆటల్లో మూత తెరిచి సీడీ మార్చినప్పుడు మాత్రం మళ్లీ పంపుతుంది. వైర్లు ఎంత పొట్టిగా పెట్టగలిగితే అంత పొట్టిగా పెట్టాను. పదకొండేళ్లలో ఈ చిప్పు జోలికి మళ్లీ వెళ్లాల్సిన అవసరం రాలేదు. ఇంట్లో ఉన్న ఆటలన్నీ నడుస్తాయి, స్పైరోతో సహా.

రంగు కోసం మాత్రం రెండుసార్లు పని చేయాల్సి వచ్చింది. మొదటిసారి, అమెరికాలో ఉన్న మా బావ పాడైపోయిన 5501 (అమెరికా మోడల్) బోర్డు ఒకటి తెచ్చిస్తే దాని క్రిస్టల్, అంటే ఆ క్లాక్ పుట్టించే భాగం తీసి, మా క్రిస్టల్‌తో పాటు పెట్టి, వెనకాల చిన్న స్విచ్ పెట్టాను. రంగు వచ్చింది. టెక్కెన్ 3లో జిన్ ప్యాంటు మీద మంటల బొమ్మ ఉంటుంది, అది రంగులో కనిపించిన క్షణం ఇప్పటికీ గుర్తుంది, తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. కానీ 53 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని స్విచ్ దాకా వైరు లాగి తీసుకెళ్లడం తప్పు, బొమ్మ మీద సన్నటి గీతలు పారేవి, ఒక్కోసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయేది. నాలుగేళ్లు అలాగే సర్దుకున్నాను. 2019లో రెండు ఫ్రీక్వెన్సీలూ ఇచ్చే చిన్న బోర్డు తెప్పించి వేశాను, గోరంత ఉంటుంది, ఆట పాలా ఎన్‌టీఎస్‌సీనా అనేది మిషన్ బోర్డు మీద ఉన్న సిగ్నల్ చూసి తనే క్లాక్ మార్చుకుంటుంది. స్విచ్ తీసేశాను, గీతలు పోయాయి. మొత్తం మార్పుల్లో నన్ను ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

ఆర్‌జీబీ కేబుల్ వాడేవాళ్లకి రంగు బాధ ఉండదు, ఎందుకంటే అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ వేర్వేరు వైర్లలో వెళ్తాయి, ఆ 3.58 లెక్క అవసరం లేదు. మన టీవీలకి స్కార్ట్ సాకెట్ (ఆర్‌జీబీ తీసుకునే యూరప్ సాకెట్) ఉండదు కాబట్టి నేను ఆర్‌జీబీని మన టీవీలకి ఉండే కాంపొనెంట్ సిగ్నల్‌గా మార్చే డబ్బా పెట్టి పాత సీఆర్‌టీ టీవీకి ఇస్తున్నాను. అయినా క్లాక్ బోర్డు వృథా కాలేదు. పాత క్లాక్‌తో 60 హెర్ట్జ్ ఆట నిజానికి 59.3 దగ్గర నడుస్తుంది, సీఆర్‌టీ పట్టించుకోదు కానీ ఎల్‌సీడీకి పెట్టే కొన్ని కన్వర్టర్లు దానికి ఒప్పుకోవు, బొమ్మ ఎగురుతుంది.

లేజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు, టెన్షన్ రెండూ ఎక్కువ పోయింది దీనికే. తొలి మోడళ్లలో లేజర్ పవర్ సప్లై పక్కనే ఉండేది, వేడికి, అరుగుదలకి ప్లాస్టిక్ భాగం దెబ్బతిని సీడీ చదవక, జనం మిషన్‌ని తలకిందులుగా పెట్టి ఆడేవాళ్లు. 5502లో లేజర్‌ని అక్కణ్నుంచి జరిపారు, అది మంచి మార్పే. అయినా పాత లేజర్ పాత లేజరే. 2016లో వీడియో సన్నివేశాలు తడబడటం మొదలైంది. అప్పుడు నేను చేసిన తప్పు, లేజర్ మీద ఉండే బుల్లి పాట్‌ని (కరెంటు సర్దే చిన్న మర) స్క్రూడ్రైవర్‌తో తిప్పడం. తిప్పగానే వెంటనే బాగైనట్టు కనిపించింది, నెల రోజులు దివ్యంగా నడిచింది, తర్వాత లేజర్ పూర్తిగా పోయింది. దాన్ని తిప్పడమంటే లేజర్ కరెంటు పెంచడం, మిగిలిన కొద్ది ఆయుష్షునీ ముందే వాడేసుకోవడం. దయచేసి ముందు అది ముట్టుకోకండి. ముందు లెన్స్ తుడవండి, లేజర్ జారే పట్టాల మీద గట్టిపడిన పాత గ్రీజు తీసి కొత్తది పలచగా రాయండి, పళ్ల చక్రంలో దుమ్ము, వెంట్రుకలు ఉంటే తీయండి. తమ్ముడి స్నేహితుడి మిషన్ ఒకటి కేవలం గ్రీజు మార్చినందుకే బాగైంది.

తర్వాత కేఎస్‌ఎం-440 రకం లేజర్లు మూడు తెప్పించాను, మూడూ కొత్తవే అని చెప్పి అమ్మారు. ఒకటి వచ్చిన రోజే చదవలేదు. ఇంకొకటి కాపీ సీడీలు చదివేది, అసలు సీడీలు మాత్రం ఆగి ఆగి చదివేది, మామూలుగా దీనికి తిరగబడి ఉండాలి కదా, ఎందుకో ఎన్ని సర్దుబాట్లు చేసినా మారలేదు. మూడోది 2017 నుంచి ఇప్పటిదాకా నడుస్తోంది. కొత్తది బిగించే ముందు ఒక మాట: లేజర్ రిబ్బన్ మీద స్టాటిక్ నుంచి కాపాడటానికి చిన్న టంకం చుక్క వేసి పంపుతారు కొన్నిటికి, దాన్ని తీయకపోతే లేజర్ వెలగదు. నేనూ ఒక సాయంత్రమంతా దాని మీదే వెతికాను.

పవర్ సప్లై కెపాసిటర్లు 2019లోనే మార్చాను, రెండు గంటల పని, ఇబ్బంది ఏం లేదు. మా ఏరియాలో ఓల్టేజ్ బాగా ఎగుడుదిగుడు కాబట్టి స్టెబిలైజర్ ద్వారానే ఇస్తాను. వానాకాలంలో చీమలు వెచ్చదనానికి లోపలికి చేరతాయి, ఆడటం అయ్యాక మిషన్‌ని గుడ్డ సంచిలో పెట్టడం అలవాటు చేసుకున్నాం.

సీడీ డ్రైవ్ తీసేసి ఎస్‌డీ కార్డు బోర్డు పెట్టుకోమని చాలామంది అన్నారు. స్నేహితుడి మిషన్‌లో అలాంటిది ఉంటే ఆరు వారాలు తెచ్చుకుని వాడాను. మెనూలోంచి ఆట ఎంచుకుంటే చాలు, శబ్దం లేదు, లేజర్ బెంగ లేదు, పనితనంలో వంక పెట్టలేను. కానీ వంద ఆటలున్న మెనూ ముందు కూర్చుంటే పాప పది నిమిషాలకొకటి మార్చేది, ఏదీ రెండో లెవెల్ దాటలేదు. మా ఇంట్లో సీడీ పెట్టి మూత మూస్తే అదే ఆ సాయంత్రం ఆట. అందుకే లేజర్‌తోనే ఉన్నాను. లేజర్లు ఇక దొరకవు అనే రోజు వస్తే అప్పుడు ఆ బోర్డే పెడతాను, సందేహం లేదు.

హెచ్‌డీఎంఐ బోర్డు మాత్రం పెట్టను. దానికి బొమ్మ గీసే చిప్ కాళ్ల మీదే టంకం వేయాలి. ఈ మోడల్‌లో ఆ చిప్‌కి 208 కాళ్లు, మధ్య సందు వెంట్రుక లెక్క. తోషిబా చేసిన ఆ చిప్, ఎల్‌ఎస్‌ఐ లాజిక్ చేసిన ప్రాసెసర్ బజారులో విడిగా దొరికేవి కావు, పోతే ఇంకో మిషన్ చంపి తెచ్చుకోవాల్సిందే. నా చిప్పు, క్లాక్ బోర్డు రేపు తీసేసి పాత క్రిస్టల్ పెట్టేస్తే మిషన్ మళ్లీ దాదాపు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ రెండు చిప్‌ల దగ్గరికి సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు, చెయ్యి బాగా తిరిగినవాళ్ల సంగతి వేరు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. 2021లో, ఆట సేవ్ చేసుకునే మెమరీ కార్డు ద్వారానే కాపీ సీడీలకి మిషన్‌ని ఒప్పించే పద్ధతి వచ్చింది. డ్రైవ్‌లోనే దాచిన కొన్ని ఆదేశాలున్నాయి, అవి పంపితే అక్షరాల తనిఖీ లేకుండా కాపీ సీడీ చదువుతుంది, జపాన్ మిషన్లలో మాత్రం ఇది కుదరదు. కాబట్టి కాపీ సీడీలు నడపడానికే అయితే టంకం అక్కర్లేదు, కార్డు చాలు. రంగు మాత్రం కార్డుతో రాదు, దానికి క్లాక్ బోర్డో ఆర్‌జీబీయో తప్పదు. మీ దగ్గర ఉన్నది చిన్న తెల్ల పీఎస్ వన్, అందులోనూ ఎస్‌సీపీహెచ్-102 అయితే మామూలు చిప్పు సరిపోదు, అది బయోస్‌లో (ఆన్ చేయగానే నడిచే లోపలి ప్రోగ్రామ్) కూడా ప్రాంతం తనిఖీ చేస్తుంది, దానికోసం చేసిన ప్రోగ్రామే వేయాలి.

మా మూడో లేజర్‌కి ఎనిమిదేళ్లు దాటాయి. గత నెల నుంచి చల్లగా ఉన్నప్పుడు మొదటి సీడీ తీసుకోవడానికి కాస్త ఆలస్యం చేస్తోంది, వేడెక్కాక బాగానే ఉంది. ఈ ఆదివారం విప్పి గ్రీజు చూడాలి. పాట్ జోలికి వెళ్లను.