మా ఫిజిక్స్ సారు దగ్గర గండికోటలో ఫోటోగ్రఫీ వర్క్‌షాప్, రెండేళ్ల తర్వాత నా రివ్యూ

వర్క్‌షాప్ అయిన వారానికే రాసుంటే మొత్తం పొగడ్తలే ఉండేవి. రెండేళ్లు ఆగి రాస్తున్నా, ఇప్పటికి ఏది చేతికి పట్టుబడిందో ఏది గాలికి పోయిందో తెలిసింది కాబట్టి.

సారు మాకు తొమ్మిది, పది తరగతుల్లో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక గండికోటలో శని, ఆదివారాలు ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీ నేర్పిస్తున్నారంటే ఆరు వేలు కట్టి వెళ్లా. నా దగ్గరున్నది పాత క్రాప్ సెన్సర్ (సెన్సర్ కాస్త చిన్నగా ఉండే రకం) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్. కొత్త లెన్స్ కొనాలా సార్ అంటే "ముందు ఉన్నదాన్ని అరగదియ్ రా" అన్నారు. ఇంకా అరగదీస్తూనే ఉన్నా.

మొదటిరోజు తెల్లారుజామున నాలుగున్నరకి లేపి, టార్చిలైట్లతో లోయ అంచుకి తీసుకెళ్లి, తీరా అక్కడ కెమెరా బయటికి తియ్యనియ్యలేదు, అరగంట ఊరికే చూడమన్నారు. ఒళ్లు మండింది నిజంగా. కానీ అక్కడి చిక్కు అలా చూస్తేనే తెలుస్తుంది. పైన ఆకాశం వెలిగిపోతుంటే కింద పెన్నా ఇంకా చీకట్లోనే ఉంటుంది, గోడలు నిటారుగా ఉండటంతో ఎండ దిగడానికి చాలాసేపు పడుతుంది. ఆకాశానికి సరిపోయేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) పెడితే నది మసి, నదికి పెడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెలుపు.

అందరూ దీనికి ఫిల్టర్ కొనమంటారు, సారు మాత్రం సంచిలోంచి నల్ల అట్టముక్క తీశారు. ట్రైపాడ్, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్ 11 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ నాలుగు సెకన్లు. మొదటి మూడు సెకన్లు లెన్స్ ముందు ఆకాశం వచ్చే భాగానికి అట్ట అడ్డంపెట్టి కొంచెం కొంచెం పైకీ కిందికీ ఊపుతుండాలి, చివరి సెకన్లో తీసెయ్యాలి, అంటే ఆకాశానికి రెండు స్టాపులు తగ్గినట్టు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). ఊపడం ఆపితే గీత పడుతుంది. నా మొదటి పాతిక ఫోటోల్లో గీతే! ఎండెక్కాక ఇది పనికిరాదు, అంతసేపు షట్టర్ తెరవలేం, అప్పుడిక బ్రాకెటింగే, అంటే వేర్వేరు ఎక్స్‌పోజర్లతో కొన్ని ఫోటోలు తీసి తర్వాత కలపడం.

ఇంకోటి ఫోకస్. కాళ్ల దగ్గర గడ్డీ కావాలి, అవతలి కొండగోడా కావాలి. 18 ఎంఎంలో ఎఫ్ 11కి మీటరున్నర దూరంలో ఫోకస్ పెడితే ముప్పావు మీటర్ నుంచి చివరిదాకా నీట్‌గా వస్తుందని పుల్లతో మట్టిలో లెక్కేసి చూపించారు. కటకాల చాప్టర్‌లో నాకొచ్చిన మార్కులు ఆయనకి గుర్తున్నాయి, అందరిముందూ చెప్పారు కూడా. ఎఫ్ 22 పెట్టినందుకు (రంధ్రం మరీ చిన్నదై ఫోటోలో పదును తగ్గుతుంది), ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపనందుకు విడిగా అక్షింతలు.

బాగోలేనివి చెప్తా. పదహారు మందికి ఒక్క సారు, వెనకున్నవాళ్లకి సగం వినపడలేదు. ఫోన్‌తో వచ్చిన ఇద్దర్ని పట్టించుకోలేదు. ఎడిటింగ్‌కి చివర్లో గంట, అదీ ఆయనకే ఇష్టంలేనట్టు చెప్పారు, రా ఫైళ్ల (కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా దాచే ఫోటోల) సంగతంతా తర్వాత యూట్యూబ్‌లో చూసుకున్నా. బస దరిద్రం, ఫ్యాన్ తిరగలేదు.

అయినా ఆ లోయకే ఇంకో నాలుగుసార్లు పోయొచ్చా. డిసెంబర్లో సూర్యుడు ఆగ్నేయం పక్కకి జరిగి వస్తాడు, జూన్‌లో ఈశాన్యం పక్కకి, అదే బండ మీద నిలబడినా నీడలు వేరేగా పడతాయి, ఇది ఆయన చెప్పినప్పుడు బుర్రకెక్కలేదు.

కొత్తవాళ్లయితే వెళ్లండి, ఆల్రెడీ మాన్యువల్‌లో, అంటే సెట్టింగులన్నీ సొంతంగా పెట్టుకుని తీసేవాళ్లకి డబ్బులు దండగ. అంచు దగ్గర గాలికి తేలికపాటి ట్రైపాడ్ ఊగుతుంది, కింద బ్యాగ్ వేలాడదీయండి, నల్ల అట్ట మాత్రం రెండు పట్టుకెళ్లండి, నాది ఒకటి పెన్నాలో ఉంది.