తెర బాగుంది, యాప్ వేయడానికే చుక్కలు కనిపించాయి

మేం కొన్న స్మార్ట్ టీవీ బొమ్మకి వంక పెట్టడానికి లేదు, ముందే చెప్పేస్తున్నా. ఈ రేటుకి 43 అంగుళాల 4కే తెర, రంగులు కంటికి హాయిగానే ఉన్నాయి, మధ్యాహ్నం పూట హాల్లో కర్టెన్లు తీసి ఉన్నా స్కోరు చక్కగా కనిపిస్తోంది. సౌండ్ కొంచెం పలచన, వార్తలకి సరిపోతుంది, పాటలకి సరిపోదు. అయితే నేను రాయాలనుకున్నది వీటి గురించి కాదు, స్మార్ట్ టీవీ అని డబ్బులు పోసి కొన్నాక అందులో మనకి కావలసిన యాప్ వేసుకోవడం గురించి. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. ఈ గోల ఒక్క కంపెనీది కాదు, తక్కువ రేటులో దొరికే చాలా టీవీల్లో ఇదే కథ.

వనస్థలిపురంలో అమ్మానాన్నల కోసం తీసుకున్నాం. వాళ్ళకి కావలసినవి ఏమంత పెద్దవి కావు. అమ్మకి ఈటీవీ విన్, సన్ నెక్స్ట్. నాన్నకి యూట్యూబ్‌లో చాగంటి వారి ప్రవచనాలు, మ్యాచ్ ఉన్న రోజు జియోహాట్‌స్టార్. మేం వెళ్ళినప్పుడు పిల్లలకి నెట్‌ఫ్లిక్స్, ఆహా. ఈ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివి అడిగితే షాపతను "అన్నీ వస్తయ్ సార్, ఆండ్రాయిడే కదా, మీ ఫోన్ల ఏమున్నయో ఇండ్ల గూడ అవే" అన్నాడు. డెమో పీసులో ఒకటి వేసి చూపించమంటే వైఫై లేదన్నాడు. ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు మీద అంత షోరూము, గోడ నిండా స్మార్ట్ టీవీలు, వైఫై మాత్రం లేదట!

అసలు తిరకాసు అంతా ఆ "ఆండ్రాయిడే కదా" దగ్గరే ఉంది. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ అందరికీ ఉచితమే, ఏ కంపెనీ అయినా తీసుకుని తన టీవీలో పెట్టుకోవచ్చు, డబ్బా మీద పెద్దక్షరాలతో వేసుకోవచ్చు. ప్లే స్టోర్, ఫోన్‌లో ఉన్నది టీవీకి పంపే క్యాస్ట్ లాంటివి మాత్రం గూగుల్ సర్టిఫై చేసిన టీవీల్లోనే సక్రమంగా వస్తాయి. మాకు వచ్చినదాంట్లో ప్లే స్టోర్ లేదు. దాని బదులు ఇంకెవరిదో యాప్ స్టోర్ ఉంది, అందులో పేకాట గేములు, వాతావరణం, ఎప్పుడూ పేరు వినని న్యూస్ చానెళ్ళు. ఈటీవీ విన్ అని రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ వెతికితే ఖాళీ పేజీ వచ్చింది.

ఇన్‌స్టలేషన్‌కి వచ్చిన అబ్బాయి గోడకి బిగించడం మటుకు చాలా నీట్‌గా చేశాడు, లెవెల్ చూసుకుని డ్రిల్ వేశాడు, రాలిన సున్నం తనే చీపురు అడిగి ఊడ్చాడు. ఆ తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి "యాప్స్ అన్నీ ఏసిస్త అన్నా, మూడొందలియ్యి" అన్నాడు. అమ్మ ముచ్చటపడి ఇచ్చేసింది. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నిండా ఏపీకే ఫైళ్ళు, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైళ్ళు, అన్నీ ఫోన్ కోసం చేసినవే. నెట్‌ఫ్లిక్స్ తెరుచుకుంది కానీ రిమోట్ బాణాలు సగం చోట్ల కదలవు, మౌస్ గుచ్చితేనే పని అవుతుంది, బొమ్మ చూస్తే అలుక్కుపోయినట్టు ఉంది. దానికి కారణం నెట్ స్పీడు కాదు. సర్టిఫికేషన్ లేని టీవీకి వీడియో కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రత సాధారణంగా ఉండదు, అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ ఇవ్వదు, ఎస్‌డీ దగ్గరే ఆపేస్తుంది. 4కే తెర కొని 480పీ చూడటం అన్నమాట.

ఇంకో విడ్డూరం, అతను యూట్యూబ్‌లో తన జీమెయిల్‌తోనే లాగిన్ అయి వెళ్ళిపోయాడు. మర్నాడు నాన్న టీవీ పెడితే బైక్ స్టంట్లు, డీజే మిక్సులు, పబ్‌జీ. అటు ఆ అబ్బాయి ఫోన్‌లో భాగవత సప్తాహాలు వచ్చి ఉంటాయి పాపం. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఇలాంటప్పుడు వెంటనే ఆ అకౌంట్ తీసేసి మీది పెట్టుకోండి, లేదంటే మీ ఇంట్లో ఏం చూస్తున్నారో అవతలి మనిషికి కనిపిస్తూనే ఉంటుంది.

అదే ఫోల్డర్‌లో కొత్త సినిమాలు ఫ్రీ అనే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటిని మాత్రం అప్పటికప్పుడే తీసేశాను. పైరసీ సైట్ ఐబొమ్మ నడుపుతున్నాడని 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకతన్ని అరెస్టు చేసిన సంగతి అందరికీ తెలిసిందే, కానీ నా భయం కేసుల గురించి కాదు. బ్యాడ్‌బాక్స్ 2.0 అని ఒక బాట్‌నెట్ (వైరస్ ఎక్కిన పరికరాలని యజమానికి తెలియకుండా దూరం నుంచి ఆడించే నెట్‌వర్క్) నడిపేవాళ్ళ మీద గూగుల్ 2025 జులైలో అమెరికాలో దావా వేసింది, సర్టిఫికేషన్ లేని ఆండ్రాయిడ్ పరికరాలు కోటికి పైగా దాని గుప్పిట్లో ఉన్నాయని అందులో చెప్పింది. వాటిలో టీవీ బాక్సులూ ఉన్నాయి. కొన్నింటిలో ఫ్యాక్టరీలోనే వైరస్ ఎక్కితే, కొన్నింటిలో ఇలాంటి యాప్‌లతో ఎక్కింది. అదే వైఫై మీద నాన్న పెన్షన్ అకౌంట్ బ్యాంకు యాప్ కూడా నడుస్తుంది కదా, టెన్షన్ ఉండదా మరి.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుంది సార్ అంటారు. ఎప్పుడు అంటే లైన్ హోల్డ్‌లో పెడతారు.

మా ఇంట్లో ఉన్నది గూగుల్ సర్టిఫై చేసిన గూగుల్ టీవీ సిస్టమ్ ఉన్న టీవీ, దాంతో పోలిస్తే నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ప్లే స్టోర్‌లో టీవీ కోసం చేసిన యాప్‌లే కనిపిస్తాయి కాబట్టి ఫోన్‌లో ఉన్నవన్నీ దొరకవు, కానీ దొరికినవి రిమోట్‌తో బాగా నడుస్తాయి. రిమోట్‌తో టైపు చేసే బాధ కూడా లేదు, టీవీలో ఉన్న అకౌంటే ఫోన్‌లో ఉంటే ఫోన్ ప్లే స్టోర్‌లోంచే యాప్‌ని టీవీకి పంపొచ్చు. దీనికీ తిప్పలు లేకపోలేదు. 8 జీబీ స్టోరేజ్ అంటారు, అందులో సగం దాకా సిస్టమే తినేస్తుంది, ఓ పది యాప్‌లు వేసేసరికి స్థలం లేదని మొరాయిస్తుంది. వాడని వాటిని తీసేసి, క్యాషె (యాప్‌లు దాచుకునే తాత్కాలిక ఫైళ్ళు) క్లియర్ చేస్తూ ఉండాలి. ఆండ్రాయిడ్ కాకుండా సొంత సిస్టమ్‌ల మీద నడిచే శాంసంగ్ టైజెన్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్ టీవీల సంగతి వేరు, వాటిలో ఏపీకే ఎక్కనే ఎక్కదు, వాళ్ళ స్టోర్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా టీవీ పాతబడితే ఉన్న యాప్ కూడా పోవచ్చు. 2019 డిసెంబర్‌లో కొన్ని పాత శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ అలాగే ఆగిపోయింది.

2025 ఏప్రిల్‌లో మన దేశంలో వ్యాపార పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ టీవీ కేసులో గూగుల్ పెట్టిన సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది, గూగుల్ 20.24 కోట్ల రూపాయలకి కేసు తేల్చుకుంది. దాని ప్రకారం మన దేశంలో టీవీ కంపెనీలు మిగతా గూగుల్ యాప్‌లన్నీ అంటగట్టించుకోకుండా ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్ వరకే విడిగా లైసెన్సు తీసుకోవచ్చు. ఇక మీదటైనా చవక బ్రాండ్లు ప్లే స్టోర్ పెట్టకపోతే గూగుల్ షరతుల వంక చెప్పడం కుదరదని నా ఉద్దేశం.

మీరు కొనేటట్టయితే షాపతని మాట పక్కన పెట్టి మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, డెమో పీసుకి కనెక్ట్ చేసి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే యాప్ పేరు స్టోర్‌లో వెతకండి. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ అందరూ చూపిస్తారు, తెలుగు యాప్‌ల దగ్గరే అసలు రంగు బయటపడుతుంది. హాట్‌స్పాట్ వద్దన్నారంటే ఇంకో షాపుకి నడవండి, ఆ రోడ్డు మీద షాపులకి కొదవ లేదు.

మేం చివరికి ఆ టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐలో గుచ్చితే యాప్‌లు నడిపే చిన్న పరికరం) కొని పెట్టాం, ఇంకో నాలుగైదు వేలు వదిలింది. అమ్మ అడిగినవన్నీ అందులో దొరికాయి. స్టిక్ కొనేవాళ్ళకి రెండు మాటలు. అమెజాన్ 2025లో తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్ ఆండ్రాయిడ్ మీద కాకుండా వేగా అనే సొంత సిస్టమ్ మీద నడుస్తుంది, బయటి ఏపీకేలు వేసుకునే ఆలోచన ఉంటే అది మీకు పనికిరాదు. ఇంకోటి, కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకుండా స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ వాడండి, లేకపోతే సినిమా మధ్యలో రీస్టార్ట్ కావచ్చు. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే స్టిక్ కూడా నడుస్తుంది. మా అమ్మ స్టిక్ రిమోట్‌ని కవర్ కూడా విప్పకుండా బీరువాలో పెట్టేసింది.