అమ్మను చాలాకాలంగా చూపిస్తున్న వృద్ధుల ఆసుపత్రి గురించి

అమ్మకు షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు. కిడ్నీలు కూడా కాస్త నెమ్మదించాయి. ఒక్కో జబ్బుకు ఒక్కో డాక్టరు దగ్గరికి తిప్పలేక, దీర్ఘకాలిక జబ్బులూ పెద్దవాళ్ల వైద్యమూ మాత్రమే చూసే ఆసుపత్రికి మారాం. ఓపీలోనూ చూపించాం, అడ్మిట్ కూడా చేశాం. మొత్తం మీద మారడం మంచిదైంది.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్లు మందులు చూసే తీరు. ఇంట్లో ఉన్నవన్నీ, షాపులో అడిగి కొన్నవాటితో సహా, సంచిలో వేసుకుని రమ్మన్నారు. డాక్టరు గారు ఒక్కో స్ట్రిప్ బల్ల మీద పెట్టి, "ఇది దేనికి వేసుకుంటున్నారమ్మా?" అని అమ్మనే అడిగారు. సగానికి అమ్మ దగ్గర జవాబు లేదు. కిడ్నీల మీద భారం పడుతుందని నొప్పి మాత్రలు ఆపించారు. నిద్రమాత్ర ఒక్కసారిగా మానకూడదట, డోసు తగ్గించుకుంటూ వచ్చి మాన్పించారు. జలుబుకు వేసే పాతరకం మాత్రల వల్ల పెద్దవాళ్లలో మతిమరుపు, తికమక పెరుగుతాయని అక్కడే తెలిసింది.

బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మళ్లీ చూస్తారు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. అమ్మకు అలాగే పడిపోయింది. వయసు వల్ల అనుకుంటున్న కళ్లు తిరగడం, బీపీ మందు మోతాదు మార్చాక చాలావరకు పోయింది. షుగర్ విషయంలోనూ అంతే. మూడు నెలల సగటు చూపే HbA1c పరీక్షలో ఏడు శాతం లోపే ఉండాలని ఇంట్లో అందరం టెన్షన్ పడేవాళ్లం. ఒంట్లో శక్తి తగ్గిన పెద్దవాళ్లకు ఎనిమిది దాకా ఉన్నా ఫర్వాలేదు, షుగర్ డౌనై కింద పడితేనే ప్రమాదం అని ఓపిగ్గా చెప్పారు.

అడ్మిట్ చేసినప్పుడు ఒక రాత్రి అమ్మ ఎవరినీ గుర్తుపట్టలేదు, లేచి వెళ్లిపోతానని గొడవ. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నర్సు కట్టేయలేదు, మత్తు ఇంజెక్షన్ ఇవ్వలేదు. లైటు వేసి, కళ్లజోడు పెట్టి, చెవి మిషన్ తగిలించి, పక్కన కూర్చుని పేరు పెట్టి మాట్లాడింది. తెల్లారి యూరిన్ టెస్టులో ఇన్ఫెక్షన్ బయటపడింది. అది తగ్గాక అమ్మ మామూలైంది. ఆ నర్సుకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

లోపాలూ ఉన్నాయి. ఆదివారం ఫిజియోథెరపీ ఉండదు. ఈ వయసులో ఒక్కరోజు మంచం దిగకపోయినా కాళ్లలో బలం తగ్గుతుంది కదా, ఇది మాత్రం మార్చుకోవాలి. ఒక్కొక్కరికీ చాలాసేపు కేటాయిస్తారు కాబట్టి ఓపీలో ఎదురుచూపులు తప్పవు. బాత్రూం మాత్రం వెయిటింగ్ హాలుకు దూరం. డిశ్చార్జ్ కాగితం చదివితే అర్థం కాదు. ఏ మందు పొద్దున, ఏది రాత్రి అన్నది నర్సుతో విడిగా రాయించుకోండి.

ఇంకొకటి, గుండెపోటుకూ పక్షవాతానికీ అత్యవసర చికిత్స ఇక్కడ లేదు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇక్కడికి తీసుకురాకండి. ఆ సౌకర్యాలున్న పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లండి. ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి.