ఇండక్షన్ పొయ్యా, పైపు గ్యాసా: నీళ్లకు ఏది మేలు?

పొయ్యి మార్చాలని మా ఇంట్లో నెల రోజులుగా చర్చ. అందరూ బిల్లు లెక్క వేస్తుంటే నేను నీళ్ల లెక్క వేశాను. హైదరాబాద్‌లో మా కుళాయికి వచ్చేవి గోదావరి నీళ్లు, ఎల్లంపల్లి నుంచి. ఆ ఎల్లంపల్లి ఉన్నది రామగుండం దగ్గర, బొగ్గు గనుల నడుమ. ఇండక్షన్‌కు కావలసిన కరెంటులో పెద్ద వాటా కూడా బొగ్గుదే.

బొగ్గులో గంధకం ఎక్కువుంటే గనిలో ఊరే నీళ్లు ఆమ్లంగా మారతాయి. మేఘాలయలో నదులు అలాగే పాడయ్యాయి. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆ భయం అంతగా లేదు. మనకు అసలు బెడద బూడిద. మన బొగ్గు టన్ను కాలిస్తే 300 నుంచి 400 కిలోల బూడిద మిగులుతుంది. చాలాచోట్ల దాన్ని నీళ్లతో కలిపి బూడిద చెరువుకు పంపుతారు. అందులోని ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ మెల్లగా నేలలోకి దిగుతాయి. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో అలాంటి చెరువు కట్ట తెగింది. మనుషులు కొట్టుకుపోయారు, బురద రిహంద్ జలాశయం దాకా పోయింది.

గోదావరిఖని దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊరు. పక్కన బొగ్గు కోసం నేలను పైనుంచే తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని మొదలయ్యాక చేదబావి తాడుకు ఇంకో తాడు ముడేశారు. రెండేళ్లకు ఆ ముడి కూడా నీళ్లదాకా అందలేదు.

గ్యాసు కాలితే బూడిద ఉండదు. దాని గొడవంతా గ్యాసు తీసే బావి దగ్గరే. గ్యాసుతోపాటు లోపలి ఉప్పునీళ్లూ, కాస్త నూనె తెట్టూ పైకొస్తాయి. వాటిని శుద్ధి చేయాలి, లేదా తిరిగి లోతు పొరల్లోకి పంపాలి. ఎక్కడైనా పైపు కారి వరిచేలో పడితే నేల చౌడుబారుతుంది. గ్యాసు బావులున్న కోనసీమకు సముద్రపు ఉప్పు బాధ ముందే ఉంది. అక్కడి రైతు ఆందోళన పడటంలో తప్పేం లేదు.

నీళ్ల వరకు చూస్తే నేను గ్యాసుకే ఓటేస్తాను. ఉప్పునీళ్లను బావి దగ్గరే కట్టడి చేసే వీలుంది. బూడిద చెరువును మాత్రం ప్లాంటు మూతపడ్డాక కూడా ఏళ్లకేళ్లు కాపలా కాయాలి. ఇంట్లో పైపు గ్యాసుకే దరఖాస్తు పెట్టాం. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టిద్దామని అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడిగాను. అవి వస్తే మధ్యాహ్నం వంట ఇండక్షన్ మీదికి మారుస్తాను.