పేరు గుర్తుండాలంటే ఏది మేలు: పిలవడమా, బొమ్మ కట్టడమా, ఊరు అడగడమా?

పేర్లు గుర్తుంచుకోవడం గురించి సలహాలిచ్చేవారు మొదట చెప్పేది ఒకటే: పరిచయమైన మనిషిని మాటల మధ్య మూడు నాలుగుసార్లు పేరు పెట్టి పిలవండి, ఇక మరచిపోరు. ఆ సలహా ఇచ్చేవారు అమలాపురం వైపో పాలకొల్లు వైపో ఒక పెళ్లికి వచ్చి, అరవై దాటిన పెద్దమనిషితో "సత్యనారాయణ గారూ, ప్రయాణం బాగా జరిగిందా? సత్యనారాయణ గారూ, టిఫిన్ చేశారా? అయితే సత్యనారాయణ గారూ..." అని వరసగా అని చూడాలి. వారికి ఆయన పేరు గుర్తుంటుందో లేదో చెప్పలేను కానీ, వెటకారం చేశారని ఆయన మాత్రం వారిని జన్మలో మరచిపోరు.

మన దగ్గర పెద్దవారిని ఎదురుగా పేరుతో పిలవడం తక్కువ. బాబాయి గారు, అన్నయ్య గారు, వదిన గారు, మాస్టారు. ఏ వరసో తెలియకపోతే ఒట్టి "అండీ" సరిపోతుంది. ఎదుటి మనిషి పేరు తెలియకపోయినా గంటసేపు ఆప్యాయంగా మాట్లాడే వీలు మన మర్యాదలోనే ఉంది. పక్క వీధి మాస్టారిని ఏళ్ల తరబడి పలకరిస్తూ, ఇంట్లో పెళ్లి కుదిరి శుభలేఖ రాసే రోజున "ఇంతకీ ఆయన పేరేమిటి?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఇళ్లు ఎన్ని లేవు! నోటికి పని పడని పేరు మెదడులో ఎందుకు నిలుస్తుంది? అందుకే ఈ పద్ధతులను పోల్చేటప్పుడు, ఏది బాగా పనిచేస్తుందని మాత్రమే కాక, గోదావరి డెల్టా ఊళ్లలో ఏది చెల్లుతుందని కూడా చూడాలి. పైకి పిలిచే పద్ధతి పిల్లల దగ్గర, ఈడువారి దగ్గర, ఆఫీసులో చెల్లుతుంది. మిగతా చోట్ల చెల్లదు. పేరు పైకి పలికి తీరాలని మన ఆచారం పట్టుబట్టేది, నాకు తెలిసి, కొత్త జంట గడప దగ్గరే. ఆడపడుచులు దారికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించాకే లోపలికి వదులుతారు. అక్కడ మరచిపోయే అవకాశం ఎలాగూ లేదు.

అసలు పేరే ఎందుకు జారిపోతుంది? ఇంగ్లండులో 1987లో జరిగిన ఒక ప్రయోగం ఈ ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పింది. కొత్త ముఖాలు చూపించి, ఒక్కొక్కరి ఇంటిపేరూ వృత్తీ నేర్చుకోమన్నారు. అక్కడ వంటవాడు, రొట్టెలవాడు లాంటి వృత్తి మాటలే చాలామందికి ఇంటిపేర్లు కూడా. అదే మాటను వృత్తిగా చెబితే గుర్తుంది, ఇంటిపేరుగా చెబితే జారిపోయింది. వృత్తి అనగానే పొయ్యి, పిండి, వాసన వెంట వస్తాయి. పేరు ఒంటరిగా వస్తుంది. దీనికి తోడు పరిచయాల సమయంలో మన ధ్యాసంతా మనం చేయబోయే నమస్కారం మీదా, చెప్పబోయే మాట మీదా ఉంటుంది. వరసగా ఒక్కొక్కరూ మాట్లాడే చోట, తన వంతుకు సరిగ్గా ముందు వినిపించినదే మనిషికి అన్నిటికన్నా తక్కువ గుర్తుంటుందని 1973లోనే తేలింది. అంటే మరచిపోయామని మనం అనుకునే పేర్లలో కొన్ని అసలు చెవిన పడనివే.

ఈ ఒంటరితనానికి గోదావరి జిల్లాల్లో ఎప్పటినుంచో ఒక విరుగుడు ఉంది. కొత్త మనిషి కనిపిస్తే పేరు తరువాత, ముందు "ఏ ఊరండి?", వెంటనే "ఎవరి తాలూకు?" ఇది ఆరా తీయడమని పట్నం నుంచి వచ్చినవారు విసుక్కుంటారు. నిజానికి పేరు వేలాడదీయడానికి కొక్కేలు బిగించే పని ఇది. అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం, మన రెండో అత్తయ్య గారి తోడికోడలి తమ్ముడు. ఈ మూడూ తెలిశాక సత్యనారాయణ అన్న పేరు గాలిలో ఉండదు. ఇక్కడ ఆ కొక్కేలు లేకపోతే పని జరగదు కూడా. అన్నవరం స్వామి అసలు పేరు వీరవెంకట సత్యనారాయణ స్వామి; ఆయన పేరు పెట్టుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారిలో ఒకరు సత్యం, ఒకరు సత్తిబాబు, ఒకరు నారాయణ, ఒకరు పొడి అక్షరాలతో వి.వి. సత్యనారాయణ. పేరు రాకపోవడం కాదు, వచ్చిన పేరు వీరిలో ఎవరిదో తేలకపోవడమే డెల్టాలో అసలు చిక్కు. పరాయి దేశాల పుస్తకాలు ఈ చిక్కును పెద్దగా పట్టించుకోవు.

దీన్ని అందరికన్నా బాగా తెలిసినవారు పెళ్లిలో చదివింపులు రాసేవారు. పందిరి పక్కన బల్ల వేసుకుని కూర్చున్న ఆయన తల ఎత్తకుండానే అడుగుతారు: ముందు ఇంటిపేరు, తరువాత పేరు, తరువాత ఊరు, అవసరమైతే "ఎవరబ్బాయి?" కూడా. ఆ తరువాతే 1,116 రూపాయల సంగతి. ఊరు లేకుండా "సత్యనారాయణ, 1,116" అని రాసిన పుస్తకం, రేపు వాళ్లింట్లో పెళ్లికి మనం తిరిగి ఎంత చదివించాలో చెప్పలేదు.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. కొక్కేలన్నీ భద్రంగా ఉండి, పేరు మాత్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది. "అదేనండీ, అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం, మన తోడికోడలి తమ్ముడు..." అని అన్నీ చెప్పి, పేరు దగ్గర చేతులు తిప్పేవారిని చూస్తూనే ఉంటాం. వయసు పెరిగే కొద్దీ ఇది ఎక్కువవుతుంది. నాలుక చివర నిలిచిపోయే మాటల్లో మనుషుల పేర్లదే పెద్ద వాటా.

బొమ్మ కట్టే పద్ధతి పేరు మీదే గురిపెడుతుంది. ముఖంలో కొట్టొచ్చినట్టు కనిపించే ఒక గుర్తును పట్టుకుని, పేరులోంచి ఒక వస్తువును తీసి, రెండిటినీ కలిపి వింత బొమ్మ ఊహించుకోవాలి. పంచారామాలనే అయిదు శివక్షేత్రాల్లో మూడు డెల్టాలోనే ఉన్నాయి కనుక మనకు సరుకు కొరత లేదు. భీమవరం సోమారామంలో శివలింగం పున్నమికి తెల్లగా కనిపించి, అమావాస్యకు రంగు మారుతుందని ప్రతీతి. సోమేశ్వరరావు గారికి బట్టతల ఉందనుకోండి. అది పున్నమి రాత్రి తెల్లగా వెలిగి, అమావాస్యకు మసకబారినట్టు ఊహించుకుంటే ఆయన పేరు మరచిపోవడం కష్టం. పాలకొల్లు క్షీరారామంలో ఉపమన్యుడికి శివుడు పాలు ప్రసాదించిన కథ ఉంది. రామలింగేశ్వరరావు గారి మీసానికి పాలనురుగు పూయండి. ద్రాక్షారామం భీమేశ్వరరావు గారి చెవికి ద్రాక్షగుత్తి వేలాడదీయండి. ఎంత అసంబద్ధంగా ఉంటే అంత మంచిది. ఆయనకు చెప్పకపోతే చాలు.

సరదాగానే ఉంటుంది, పనీ చేస్తుంది, కానీ తీరిక కావాలి. పరిచయమైన మనిషి మాట్లాడుతుండగా ఆయన చెవికి ద్రాక్షలు కట్టే పనిలో పడితే ఆయన చెప్పేది వినిపించదు. అయిదుగురు సత్యనారాయణలకు అయిదు బొమ్మలు ఎక్కడ తెస్తాం? కొత్తగా పుట్టిన పిల్లల పేర్లలో చాలావాటికి అర్థమేమిటో పెట్టినవారినే అడగాలి. వాటిలోంచి బొమ్మ లాగడం మన తరం కాదు. బ్రిటన్‌లో పీటర్ మోరిస్, కేథరిన్ ఫ్రిట్జ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో ఈ పద్ధతిని ప్రయోగశాలలో కాకుండా విందులో, నిజంగా కొత్తవారు కలుసుకునే చోట పరీక్షించింది. అక్కడ బొమ్మలు కట్టినవారిని, ఆగి ఆగి, అంటే ఎడం పెంచుకుంటూ పేరును మనసులో రప్పించుకుని, గుర్తు చేసుకున్నవారు మించిపోయారు. నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు. మొండికేసిన ఒకటి రెండు పేర్లకు బొమ్మ బ్రహ్మాండం. పందిరినిండా మనుషులున్నప్పుడు అది భారం.

కూర్చున్న చోటును బట్టి గుర్తుంచుకునే పద్ధతి కూడా ఉంది. విందుశాల కూలిపోతే, ఎవరెక్కడ కూర్చున్నారో తలచుకుని గ్రీకు కవి సైమనైడిస్ మృతులను గుర్తుపట్టించాడని పాత కథ. బంతి భోజనాల దగ్గర ఇది పనికొస్తుంది, విస్తళ్లు తీసేదాకా. వారం తరువాత అదే మనిషి రావులపాలెం బస్సు స్టాండులో నిలబడి ఉంటే ఆయన విస్తరి అక్కడ ఉండదు.

ఆగి ఆగి గుర్తు చేసుకోవడం చూడటానికి పద్ధతిలా కూడా ఉండదు. పేరు విన్నాక లోలోపలే ఒకసారి అనుకోవాలి. కాఫీ గ్లాసు కింద పెట్టాక, ఎవరూ చెప్పకుండా, ఆ ముఖం చూసి పేరు రప్పించుకోవాలి. భోజనానికి కూర్చున్నప్పుడు మళ్లీ. చేయి కడుక్కునేటప్పుడు మళ్లీ. బస్సు ఎక్కాక, ఇక ముఖం కూడా ఎదురుగా లేనప్పుడు, ముఖమూ పేరూ రెండూ. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. ప్రతిసారీ ఎడం పెరగాలి. కొత్త పేర్లు నేర్చుకునేవారికి ఇలా ఎడం పెంచుకుంటూ పోవడం మేలు చేస్తుందని లాండవర్, బ్యోర్క్ అనే పరిశోధకులు 1978లో చూపించారు. ఇక్కడ కీలకం పేరును జపించడం కాదు. కళ్ల ముందున్న పేరును వందసార్లు చదివినా రాని బలం, మరుగున పడబోతున్న పేరును ఒక్కసారి వెతికి తెచ్చుకోవడంలో వస్తుంది. దొరక్కపోతే పంతానికి పోకుండా పక్కవారిని అడగాలి: "ఆ తెల్ల పంచె ఆయన పేరేమిటండీ?" తప్పు పేరు రెండుసార్లు అనుకుంటే అదే గట్టిపడి కూర్చుంటుంది.

ఈ విద్య మనకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) భీమవరం దగ్గరి యండగండిలో, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియంలో పుట్టారు. ఇద్దరూ ఈ నీళ్లు తాగినవారే. వారు ఊరూరా చేసిన అవధానం తీరు గమనించండి. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన లాంటి అంశాలకు అవధాని పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మామూలుగా ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెబుతూ పోయి, నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తిచేస్తాడు. మొదటి పృచ్ఛకుడి, అంటే ప్రశ్న వేసినవారి, దగ్గరికి తిరిగి వచ్చేలోపు మిగతావారి పద్యాలు, మధ్యలో గంట మోతలు, అప్రస్తుత ప్రసంగి చిలిపి ప్రశ్నలు. అన్నిటి అడుగునుంచి పాత పాదాన్ని పైకి తీసి, దాని మీద కొత్త పాదం నిలబెట్టాలి. అంటే చివర్లో పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణకు వచ్చేసరికి ప్రతి పద్యాన్నీ ఎడం ఇచ్చి పలుమార్లు తవ్వి తీసినట్టే. అవధాని ప్రతిభ అందరికీ రాదు. ఆ అంచె పద్ధతి మాత్రం పెళ్లి పందిట్లో ఎవరైనా వాడుకోవచ్చు.

దీనికి ఉన్న అసలు మేలు, గోదావరి మర్యాదకు ఇది ఎక్కడా అడ్డు రాదు. పేరు పెదవి దాటదు. పైకి "బాబాయి గారూ" అంటూనే లోపల "భీమేశ్వరరావు" అనుకోవచ్చు. నన్నడిగితే, పేరు పట్టుకోవడానికి ఊరూ తాలూకూ అడగడం, పట్టుకున్నది నిలుపుకోవడానికి ఆగి ఆగి వెతకడం. ఈ రెండూ జోడించినవారికి మూడో పద్ధతి అరుదుగా అవసరమవుతుంది.

ఫోనులో దాచుకోవడం గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. "సత్యం ట్రాక్టర్", "సత్యం రొయ్యల మేత", "సత్యం పెద్దాయన" అని రాసుకోవడం తెలివైన పనే. చదివింపుల పుస్తకం సూత్రమే అది. అయితే మనిషి ఎదురుపడినప్పుడు జేబులోంచి ఫోను తీసి వెతకలేం. పేరు ఫోనుకు తెలుసు, మనకు తెలియదు. ఒక్క ఉపయోగం ఉంది: రాత్రి ఆ జాబితా తెరిచేముందు, పగలు కలిసినవారి పేర్లు తలచుకుని చూసి, తరువాతే తెరవడం. అప్పుడది జవాబుల పుస్తకంలా పనికొస్తుంది.

ఎవరికి ఏది అన్నది వారి స్థితిని బట్టి మారుతుంది. జూన్‌లో కొత్త తరగతి చేతికొచ్చిన ఉపాధ్యాయుడికి పైకి పిలవడంకన్నా సులువైనది లేదు. మోరిస్, ఫ్రిట్జ్ 2000లో పరీక్షించిన ఒక ఆట ఆయన కోసమే పుట్టినట్టు ఉంటుంది: ప్రతి పిల్లా పిల్లవాడూ తనకన్నా ముందు చెప్పినవారి పేర్లన్నీ చెప్పి, చివర తన పేరు చెప్పాలి. తరగతి మొత్తానికి పెడితే తెల్లవారుతుంది కానీ, వరసకు ఎనిమిది మంది చొప్పున ఆడిస్తే మూడు నాలుగు రోజుల్లో హాజరు పట్టీ చూడనక్కర్లేదు. బీమా ఏజెంట్లకు, ఎన్నికల్లో తిరిగేవారికి రాసుకోక తప్పదు.

అందరికన్నా కష్టం సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన కొత్త కోడలిది. భోగి నుంచి కనుమ దాకా ఇంటినిండా జనం. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల ప్రభలు చేరే తీర్థానికి వెళితే అక్కడ ఇంకా జనం. అందరికీ ఆమె పేరు తెలుసు, ఆమెకు ఒక్కరి పేరూ తెలియదు. పెద్దవారిని పేరు అడగడం కుదరదు, వారి ముందు రాసుకోవడమూ కుదరదు. "అత్తయ్య గారూ" అంటే ఆరుగురు తిరిగి చూస్తారు. ఆమెకు కావలసింది పద్ధతికన్నా ముందు ఒక మనిషి. ఆడపడుచునో తోడికోడలినో మంచి చేసుకుని, వంటింట్లో పని సర్దుకున్నాక "ఆకుపచ్చ చీర ఆవిడ, పాలకొల్లు, చక్రకేళీలు తెచ్చారే, ఆవిడ పేరు వరలక్ష్మి గారే కదూ?" అని తానే చెప్పి సరిచూసుకోవాలి. "ఆవిడ ఎవరు?" అని అడిగితే జవాబు వస్తుంది, పోతుంది.

ఇన్ని చేసినా పేరు రాని రోజు ఉంటుంది. అప్పుడు డెల్టాలో చెల్లే ఉపాయాలు రెండున్నాయి. "మీ ఇంటిపేరు ఏమిటండీ, మరచాను" అంటే తప్పు పట్టరు. చాలామంది ఇంటిపేరుతో పాటు పూర్తి పేరూ చెప్పేస్తారు. రెండోది, "శుభలేఖ మీద మీ పేరు పూర్తిగా ఎలా రాయించమంటారు?" ఇది ఎప్పుడూ గురి తప్పదు. పెళ్లీడు పిల్లలు లేనివారు మాత్రం దీని జోలికి వెళ్లకపోవడం మంచిది; పెళ్లెవరిది, సంబంధం ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆయన మొదలుపెడతారు.