నాలుగు ఈతలు చూసిన వంటింటి కాటా

ఈ సమీక్ష ఒక వంటింటి డిజిటల్ కాటా గురించి. అయిదు కిలోల వరకు తూచగల, గ్రాము తేడాను కూడా చూపే ఈ కాటాను 2018లో అరిసెలకు బెల్లం తూచుకుందామని నాలుగు వందల రూపాయల లోపే కొన్నాను. ఆ తరువాత అయిదేళ్ళలో అది బెల్లం కన్నా పిల్లికూనలనే ఎక్కువగా తూచింది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో బూడిద అనే పిల్లి మూడుసార్లు, దాని కూతురు కాటుక ఒకసారి ఈనాయి. ఆ పురుళ్ళ కోసం కొన్న సామానులో ఏది అక్కరకు వచ్చిందో, ఏది మూలపడిందో ఇప్పుడు గట్టిగానే చెప్పగలను. అన్నిటికన్నా పనికివచ్చింది కాటా, అన్నిటికన్నా దండుగ అయినది కరెంటుతో వేడెక్కే పరుపు.

ముందుగా ఆ పరుపు సంగతి చెప్పాలి. అప్పుడే పుట్టిన కూనలకు ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు, చలికి వణకడం కూడా వాటికి చేతకాదు. మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలని తెలుసుకుని, కాటాకు పెట్టిన ధరకు మూడు రెట్లు పెట్టి దాన్ని తెప్పించాను. బూడిద తొలి ఈతలో నాలుగు కూనలు పుట్టిన నాలుగో రోజున, అంటే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ముంచెత్తింది. మా వీధికి ఆరు రోజులపాటు కరెంటు లేదు. ఆ ఆరు రోజులూ కూనలను కాపాడినవి, వేడినీళ్ళు నింపి పాత తువ్వాలు మడతలు వేసి చుట్టిన రెండు సీసాలు. వేడి ఎక్కువైతే కూనలు పక్కకు పాకిపోయే వీలుండాలి కనుక వాటిని పెట్టెకు ఒక వైపునే ఉంచేవాళ్ళం. కరెంటు వచ్చాక పరుపు పరిచి చూస్తే అంచులు చల్లగానూ, నడుమ అరచేయి ఆనించలేనంత వేడిగానూ ఉన్నది. ఇప్పుడది దుప్పటి మడతల మీదుగా మా అత్తగారి మోకాళ్ళకు కాపడం పెడుతోంది.

పెట్టె కోసం డబ్బు ఖర్చు చేయవలసిన పనే లేదు. కిరాణా కొట్టులో అడిగి తెచ్చిన అట్టపెట్టెకు, తల్లి దాటగలిగి కూనలు దాటలేని ఎత్తులో ఒక వైపు కోసి, లోపల పాత నూలు చీర పరిస్తే చాలు. పక్కింటి ఒడియా ఆవిడను మేము మావుసీ అని పిలుస్తాము. ఆవిడ ఆ పెట్టెను చూసి నవ్వి, తమ భాషలో పురిటి గదికున్న పేరే దానికీ పెట్టి అంతుడిశాళ అన్నది. ఆ పెట్టె ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో ఫినాయిల్ తో తుడవడం మానుకోవాలి, ఎందుకంటే ఫినాల్ జాతి మందులను సరిగా విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, తల్లి నాకుడు వల్ల అది కూనలకూ చేరుతుంది. జత కట్టిన తేదీ తెలిస్తే 63 నుంచి 65 రోజులకు ఈనుతుందని లెక్క వేసుకోవచ్చు. తెలియకపోతే, చూలు నిలిచిన సుమారు మూడు వారాలకు చన్నులు గులాబీ రంగు తేలి ఉబ్బడం ఒక గుర్తు. ఈనడానికి ఒక రోజు ముందు ఒంటి వేడి 37.8 డిగ్రీల కిందికి దిగుతుందని విని థర్మామీటరు కూడా కొన్నాను. బూడిద మీద దాన్ని ఒకే ఒకసారి ప్రయత్నించాను, చేతి మీద ఆ గీతలు చాలాకాలం ఉన్నాయి.

పురిటి గడియ వచ్చినప్పుడు చేతులకన్నా గోడ గడియారమే ఎక్కువ సాయం చేసింది. "పిల్లి పురిటికి మంత్రసానేటే, దాని పని అది సేసుకుంటాది" అని మా అత్తగారు మొదటి రాత్రే అన్నారు, మూడు వంతులు అది నిజమే. మొదట తిండి మానేసి, చీరను గోళ్ళతో రక్కుతూ, రొప్పుతూ, మధ్యమధ్య గుర్రుమంటూ గడిపే దశ 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు, అప్పుడు కంగారు పడకూడదు. ముక్కడం మొదలయ్యాక మాత్రం గడియారం చూడాలి. పిల్లి బలంగా, విడవకుండా ముక్కుతూ ఉండి కూడా అరగంటలో కూన బయటపడకపోయినా, తొలి కూన కన్నా ముందే ముదురాకుపచ్చ స్రావం కనిపించినా పశువైద్యునికి ఫోను చేయడమే దారి. ఒక్కో కూనకు ఒక్కో మాయ పడుతుంది, తల్లి దాన్ని తినేస్తుంది కనుక తినకముందే లెక్క పెట్టుకోవాలి. బొడ్డుతాడును తల్లే కొరుకుతుంది. కొరకకపోతే పొట్టకు అంగుళం దూరంలో మరిగించిన దారంతో ముడివేసి, ముడికి అవతల కత్తిరించాలి. నాకు ఆ అవసరం నాలుగు ఈతల్లో ఒక్కసారే వచ్చింది.

ఇక కాటా. స్టీలు గిన్నెలో చేతిరుమాలు పరిచి, గిన్నెతో సహా కాటా మీద పెట్టి, సున్నా బొత్తాము నొక్కి, తరువాత కూనను అందులో ఉంచుతాను. వెచ్చని కడుపు దగ్గరి నుంచి తీసిన కూన కళ్ళు తెరవకుండానే నోరంతా తెరిచి కీచుమంటుంది, గిన్నె అంచుకు ముక్కు రాస్తుంది, అంకెలు 97, 103, 99 అని గంతులు వేస్తాయి. అరచేతిని దాని మీద గొడుగులా ఆనీ ఆననట్టు పట్టుకుంటే రెండు క్షణాలు కదలదు, ఆ రెండు క్షణాల్లో అంకెను చదువుకోవాలి. పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములు ఉంటుంది, మొదటి రోజు కొంచెం తగ్గినా తరువాత రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి, రెండు వారాలకు రెట్టింపు కావాలి. ఒకే రంగు కూనలు రెండుంటే ఒకదానికి వీపున, ఇంకొకదానికి తొడ మీద చిటికెడు వెంట్రుకలు కత్తిరించేదాన్ని, మెడకు దారం కట్టడం ప్రమాదం.

రెండో ఈతలో రెండు రోజులకొకసారి మాత్రమే తూచాను. అయిదింటిలో ఒకటి మూడో రోజు రాత్రి చనిపోయింది, చూపులకు అది మిగతావాటిలాగే ఉండేది. అందుకే 2021లో మూడో ఈత నాటికి పొద్దునా సాయంత్రమూ తూచి క్యాలెండరు వెనుక రాయడం అలవాటు చేసుకున్నాను. ఆసారి పుట్టిన నాలుగింటిలో చివరిది 76 గ్రాములే ఉన్నది. రెండో రోజుకు తక్కినవి 110 చుట్టూ తిరుగుతుండగా ఇది 72కు, మూడో నాటికి 70కి దిగింది. చన్ను నోట్లో పెట్టుకునే ఉండేది, కాబట్టి కాటా లేకుంటే పాలు తాగుతోందనే అనుకునేవాళ్ళం. పాలు ఎక్కువగా ఉండే వెనుక చన్నుల దగ్గర దాన్ని ఆనించి, మిగతా వాటిని ఇరవై నిమిషాలు గంపలో వెచ్చగా ఉంచి, రెండేసి గంటలకొకసారి అలా చేశాము. నాలుగో రోజు 71, అయిదో రోజు 77. ఆ 71 చూసి మా ఇంట్లో చేసిన హడావిడి, కొడుకు పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడు కూడా జరగలేదు.

2023లో కాటుక పురుడే కష్టమైనది. ముక్కడం మొదలై అరగంట దాటినా ఏమీ కనిపించలేదు. ఫోనులో దొరికిన ఒక వైద్యుడు ఆవులకు, మేకలకు అలవాటు పడిన మనిషి, ఇంకాసేపు చూడమన్నారు. చూడలేక దాన్ని గంపలో పెట్టి ఆటోలో శ్రీకాకుళం బయలుదేరాము. పాతపట్నం దాటకముందే, రోడ్డు గతుకుల పుణ్యమో ఏమో, వెనుక కాళ్ళు ముందుగా కూన జారిపడింది. పిల్లుల్లో అలా పుట్టడం మామూలే, కాని అది ఊపిరి తీయలేదు. మావుసీ అయితే తలకిందులుగా పట్టి ఊపమనేది, అలా ఊపితే మెదడుకు దెబ్బ తగలవచ్చు. ముఖం మీది పొరను తుడిచి, నోటిలోని జిగురు తీసి, తువ్వాలుతో వీపు నుంచి పక్కల వరకు గట్టిగా రుద్దగా ముందు తుమ్మి తరువాత అరిచింది. ఇంటికి వచ్చి తూస్తే 131 గ్రాములు. ఆలస్యానికి కారణం అప్పుడు అర్థమైంది. మిగతా మూడూ గంటన్నరలో ఇంట్లోనే పుట్టాయి.

కాటాలో లోపాలు లేకపోలేదు. రెండు నిమిషాలకు దానంతట అదే ఆరిపోతుంది, మధ్యలో ఆరితే గిన్నె బరువు మళ్ళీ సరిచేసుకోవాలి. బ్యాటరీలు నీరసించినప్పుడు హెచ్చరించకుండానే నాలుగైదు గ్రాములు తప్పు చూపుతుంది. వంద గ్రాముల ప్రాణికి అది చిన్న తప్పు కాదు, అందుకే ప్రతిసారీ ముందుగా ఒక కొత్త యాభై గ్రాముల సబ్బు పెట్టి చూసుకునేదాన్ని. పాలసీసా కొని పెట్టుకున్నాను గాని తెరవనేలేదు. ఒకవేళ తెరవవలసి వచ్చినా అందులో ఆవుపాలు పోయకూడదు, పిల్లిపాలలో ఉన్నంత మాంసకృత్తులు, కొవ్వు వాటిలో ఉండవు.

పిల్లి పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న మాటను బూడిద మూడుసార్లూ నిలబెట్టుకుంది, బీరువా కింద, బియ్యపు డ్రమ్ము వెనుక, ఒకసారి మావుసీ మంచం కిందకు కూడా మోసుకుపోయింది. పాలిచ్చే పిల్లికి మళ్ళీ చూలు నిలవగలదని తెలిసీ ఆపరేషను వాయిదా వేయడం నా పొరపాటే, అది లేకుంటే ఈ సమీక్షకు ఇంత అనుభవం ఉండేది కాదు. కాటుక కూనలు పాలు మానాక తల్లీకూతుళ్ళు ఇద్దరికీ చేయించేశాము. మావుసీ ఇంట్లో చేరిన వీధిపిల్లి ఇప్పుడు చూలుతో ఉన్నది. కాటాకు కొత్త బ్యాటరీలు వేసి, స్టీలు గిన్నెతో సహా వాళ్ళింటికి ఎరువిచ్చాను, బెల్లం మళ్ళీ చేతితోనే అంచనా వేసుకుంటున్నాను.