షాబ్లీలో రెండు రాత్రులు

ఫ్రాన్స్‌లో అదే పేరున్న తెల్ల వైన్‌కు పుట్టిల్లయిన షాబ్లీ వెళ్లాలనుకునేవాళ్లకు నా మొదటి మాట: దగ్గర్లోని ఓసేర్ పట్నంలో గది తీసుకోకండి, షాబ్లీలోనే ఉండండి. మేం మొదటి రాత్రి ఓసేర్‌లో గడిపాం. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి రైల్లో రెండు గంటల లోపే చేరాం. హోటల్ శుభ్రంగా ఉంది, యోన్ నది ఒడ్డున ఊరూ అందంగా ఉంది. కానీ అక్కడి నుంచి షాబ్లీ దాదాపు 20 కిలోమీటర్లు. రైలు లేదు, బస్సులు బాగా తక్కువ. పొద్దున్నే రమ్మన్న టాక్సీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. గంటన్నర టెన్షన్ పడ్డాక హోటల్ వాళ్లే ఇంకో టాక్సీ పిలిచారు. ఈలోగా ఒక రైతు దగ్గర వైన్ రుచి చూడటానికి మాకిచ్చిన టైమ్ దాటిపోయింది.

తర్వాత రెండు రాత్రులు షాబ్లీలో, ద్రాక్షతోట ఉన్న ఒకావిడ ఇంటి మేడమీద గదిలో ఉన్నాం. గది చిన్నది, లిఫ్ట్ లేదు, వేడినీళ్లు రావడానికి చాలాసేపు పడుతుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

ముందు కొండ ఎక్కండి, రుచి తర్వాత చూడొచ్చు. సెరాన్ నది వంతెన దాటితే ఎదురుగా ఒకే వాలు. లే క్లో, వోదెజీర్, బ్లాన్షో లాంటి ఏడు గ్రాండ్ క్రూ (అన్నిటికంటే పై స్థాయి) తోటలూ దాని మీదే, నైరుతి ఎండకు ఎదురుగా, మొత్తం కలిపి సుమారు 100 హెక్టార్లు. దారిలో దొరికిన తెల్లరాయిలో గోరంత ఆల్చిప్పల అచ్చులు కనిపించాయి. 15 కోట్ల ఏళ్ల కిందట ఇదంతా సముద్రం. ఆ రాయి చేతిలో పట్టుకుని మా ఆవిడా నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు.

రుచికి మేం వెళ్లింది 1923లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం, లా షాబ్లిజియెన్‌కు. ఓపిగ్గా చెప్పారు. వాడేది ఒక్క షార్డొనే పండే. కోయగానే పిండి, తొక్క వేరుచేసి, రసం తేరాక స్టీలు ట్యాంకుల్లో పులియనిస్తారు. ఈస్ట్ చక్కెరనంతా తినేస్తుంది, అందుకే తీపి మిగలదు. ఆ తర్వాత పచ్చి ఆపిల్ పులుపు లాంటి మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా పెరుగు పులుపు వైపు మారుస్తుంది. అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ను నెలల తరబడి ఉంచుతారు. ఓక్ పీపాలు కొందరే, అదీ ఎక్కువగా ఖరీదైన వాటికి వాడతారు. గ్రాండ్ క్రూ గొప్పదే. కానీ నా నాలుక మీద నిలిచింది మామూలు షాబ్లీ: నిమ్మ, తడి రాయి, చివర్లో సన్నటి ఉప్పదనం.

భోజనం విషయానికొస్తే, ఇక్కడ పేరున్న అండుయెట్ పంది పేగులతో చేసేది. మా ఆవిడ శాకాహారి. చీజ్‌తో చేసే గూజేర్, షావుర్స్ చీజ్, రొట్టెలతో ఆమెకు రెండు రోజులూ బాగానే గడిచింది.

మేం వెళ్లింది ఏప్రిల్‌లో. చిగుళ్లు వచ్చే ఈ రోజుల్లో మంచు పడితే ఏడాది పంట పోతుంది. 2021లో అలాగే చాలా పోయింది. అందుకే వరుసల మధ్య, వెలిగించి వేడి పుట్టించడానికి, మైనం నింపిన డబ్బాలు పెట్టి ఉంచారు. కొన్ని తోటల్లో నీళ్లు చల్లే గొట్టాలున్నాయి. ఆ నీరు గడ్డకడుతూ వదిలే వేడే చిగురును కాపాడుతుందట. రెండో రాత్రి మూడింటికి కింద తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఇంటి యజమానురాలు టార్చ్‌తో తోటవైపు వెళ్తోంది. పొద్దున కాఫీ పోస్తూ చెప్పింది, సున్నా కంటే ఒక డిగ్రీ పైనే ఆగిందని, డబ్బాలు వెలిగించక్కర్లేకపోయిందని.